తువ్వాలు కింద జవాబు

కనిగిరి దగ్గర పల్లెలో పుట్టిన జాస్మిన్, వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు అయింది. తల్లి ఆదెమ్మ మిరప కోతలకు వెళ్ళేది. తండ్రి ఇమ్మానుయేలు పశువుల సంతల్లో బేరాలు కుదిర్చేవాడు. ఆ ఇంటినుంచి ఈ నల్లబల్ల దాకా రావడం మాటలా? కాదని జాస్మినుకు తెలుసు. ఆ తెలియడం ఆమె నడకలో కూడా కనిపించేది.

ఆమెకు మింగుడుపడనిది ఒక్కటే. పాఠం చెప్పి "అర్థమైందా?" అనగానే క్లాసంతా ఒక్క గొంతుతో "అయింది మేడం!" అనేవాళ్ళు. ఎంతవరకు అయిందో పేపర్లు దిద్దేటప్పుడు బయటపడేది. గుంపులో గోవింద! కాలేదని చెప్పడం ఈ దేశంలో పరువు తక్కువ పని మరి. ఒక్కడంటే ఒక్కడు లేచి "నాకర్థం కాలేదు" అంటే చాలు, వాడి వీపు తట్టి నెత్తిన పెట్టుకుందామని ఆమె ఏళ్ళుగా కాచుకుని ఉంది.

అలాంటి రోజుల్లో కాలేజీకి క్లిక్కర్లు వచ్చాయి. అరచేతిలో ఇమిడే చిన్న పరికరాలు, పిల్లలు వాటిని రిమోట్లు అన్నారు. తెరమీద ప్రశ్న, నాలుగు జవాబులు కనిపిస్తాయి. ఎవరికి తోచిన మీట వాళ్ళు నొక్కితే, దేనికి ఎందరు నొక్కారో గీతలుగా లేస్తుంది. ఎవరు ఏది నొక్కారో మాత్రం తెరమీద పడదు. సిగ్గరులకు ఇంతకంటే ఏం కావాలని జాస్మిన్ సంబరపడింది.

మొదటిరోజే ఆ సంబరం మీద నీళ్ళు పడ్డాయి. గీత ఒక్కటే లేచింది, అదీ తప్పు జవాబు దగ్గర! సంగతేమిటంటే, ముందు బెంచీలో కూర్చునే నాగజ్యోతి క్లాసు ఫస్టు. ఆ పిల్ల బొటనవేలు ఎటు వెళితే వెనక క్లాసంతా అటే వెళ్ళింది. ఆ పూట నాగజ్యోతి పొరబడింది. ఒక గొర్రె బావిలో దూకితే మందంతా దూకినట్టయింది.

జాస్మినుకు ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళి అన్నం తింటుంటే తండ్రి సంత బేరాలు గుర్తొచ్చాయి. ఎద్దు ధర ఎవరూ పైకి అనరు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కవాడి చూపు పడితే బేరం చెడుతుంది. మర్నాడు క్లాసుకు వస్తూనే ఆమె ఆజ్ఞ వేసింది.

"ఆడపిల్లలు చున్నీ కింద, మగపిల్లలు రుమాలు కింద నొక్కాలి. పక్కోళ్ళ చెయ్యి చూశారో, బయటికి పంపిస్తా!"

ముందు నవ్వులాటగా ఉండేది. పోను పోను గీతలు నాలుగువైపులా లేవడం మొదలుపెట్టాయి. ఎక్కడ తెలియలేదో ఆమెకు కళ్ళెదుటే కనిపించేది. అక్కడే ఆగి మళ్ళీ చెప్పేది. అయినా లేచి నోటితో ఒప్పుకున్నవాడు ఇంకా లేడు.

ఇంతలో తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ పేరయ్య గారు ఆమెను గదికి పిలిచారు. పత్తి రైతుల ఇంట పుట్టి, కామర్సు చెప్పి పైకొచ్చిన మనిషి.

"చూడమ్మా, వాళ్ళ ముందు అందరిదీ రైటే రావాలి. జవాబు పిల్లలకు ముందే చెప్పెయ్. నీ రెన్యువలుకు నేను నాలుగు మంచి ముక్కలు రాయాలా వద్దా?"

జాస్మిన్ గది బయటికి వచ్చేసింది. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. జవాబు ముందే చెబితే, ఇన్నాళ్ళకు నిజం చెప్పడం నేర్చుకున్న పిల్లలకు మళ్ళీ అబద్ధం తనే నేర్పినట్టవుతుంది. ఎంత తన్నుకులాడినా ఆ రెండో పని ఆమెకు చేతకాలేదు.

తనిఖీ రోజున వచ్చినవాళ్ళకూ, పేరయ్య గారికీ మర్యాదకు తలా ఒక క్లిక్కరు ఇచ్చి, తెరమీద ప్రశ్న పెట్టింది. ఎండిన పత్తికట్టె బరువులో ఎక్కువ భాగం దేనినుంచి వచ్చింది? మట్టి, ఎరువు, నీళ్ళు, గాలి.

ఎరువు గీత తాడిచెట్టంత లేచింది. లేవదా మరి! బస్తాలకు బస్తాలు మోసి చల్లిన ఇళ్ళ పిల్లలు. గాలి దగ్గర గీత నేలను వదల్లేదు. పేరయ్య గారి ముఖం కందగడ్డయింది. జాస్మిన్ గొంతు తొణకనివ్వలేదు.

"జవాబు నేను చెప్పను. పక్కవాళ్ళతో వాదించుకోండి."

గది సంతైపోయింది. అందరికంటే పైకి రెండో బెంచీ లక్ష్మీదుర్గ గొంతు వినిపించింది. "మా పొయ్యిలో మోపుడు పత్తికట్టె కాలిస్తే బూడిద గుప్పెడే మిగులుద్దే! మట్టీ ఎరువూ అయితే ఎక్కడికి పోద్దంట? పొగై గాల్లోకి పోయిందంటే, గాల్లోంచి వచ్చిందే కదా!"

రెండోసారి నొక్కమంటే గాలి గీత పైకి లేచింది. ఎరువు దగ్గర నాలుగే మిగిలాయి. బృందంలో పెద్దావిడ "ఆ నలుగురూ ఎవరో?" అంది.

"యంత్రం చెప్పదండి. అడగడం నా పద్ధతి కాదు" అంది జాస్మిన్.

వెనక బెంచీలో యలమంద లేచాడు. "నేనొకణ్ణి మేడం. నాకింకా ఎక్కలా. గాలికి బరువేంది?" వాడి వెంట ఇంకో పిల్లాడు లేచాడు. తర్వాత నాగజ్యోతి, క్లాసు ఫస్టు నాగజ్యోతి, తల ఎత్తుకుని లేచింది. జాస్మిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ముగ్గుర్నీ చూపించి వీళ్ళు నా పిల్లలని ఊరంతా చాటాలనిపించింది. ఉద్యోగం ఉన్నా సరే, ఊడినా సరే అనుకుంది.

"మరి నాలుగోవాళ్ళు?" అంది పెద్దావిడ.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోడవారన కుర్చీ కిర్రుమంది. పేరయ్య గారు క్లిక్కరు పట్టుకుని, బడిపిల్లాడిలా లేచి నిలబడ్డారు.

"నేనేనమ్మా" అన్నారు. "నాకూ అర్థం కాలేదు."

"కూర్చోండి సార్" అంది జాస్మిన్, సుద్దముక్క తీసుకుంటూ. "మళ్ళీ చెప్తాను."