పోచమ్మ ముందు పెట్టిన మాత్రలు

చిన్నత్త పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే సాయవ్వ. అప్పుడు నేను బాలింతగా ఉన్న కోడలి కోసం మెంతులు వేయిస్తున్నాను. ఆ చేదు వాసనలోనే నిలబడి విన్నాను. ఏడుపు రాలేదు. దీపం పెట్టి, ఆమె నాకు చేసిన మేలు తలుచుకుని దండం పెట్టుకున్నాను.

మాది రుద్రూర్ పక్కన ఊరు. ఎనభైల్లో చలికాలం వచ్చిందంటే చెరుకు బండ్లు బోధన్ దారి పొడుగునా నిలిచేవి, మేము వెనక నుంచి గడలు లాగి పళ్లతోనే తొక్క చీల్చి తినేవాళ్లం, గాలి మళ్లినప్పుడల్లా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన తీపిగా, పులుపుగా ఇంట్లోకి వచ్చి సాంబ్రాణి పొగలో కలిసేది. నన్ను బడికి పంపలేదు. బాపు చెల్లెలు, మా చిన్నత్త సుగుణ, బోధన్ కాలేజీకి బస్సులో పోయివచ్చి, సాయంత్రం చాటలో బియ్యం పరిచి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించేది. ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. ఆమె ఏది చెబితే అది నాకు వేదం.

ఆ చలికాలమే తమ్ముడు పుట్టాడు. అమ్మకు పాలు చాలలేదు. నాయనమ్మ బాలింతలకు పెట్టే కాయం తినిపించింది, వెల్లుల్లి కారం, బొబ్బర్లు పెట్టింది, పోచమ్మకు బోనం మొక్కింది. వాడి ఏడుపు ఆగలేదు. బాలింతకు ఇంగ్లీషు మందులంటే మాత్రం నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "పాలల్ల ఇసం దిగుతది" అనేది.

తమ్ముడికి సూదిమందు వేయించడానికి బోధన్ పోయినప్పుడు, చిన్నత్తే అమ్మను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. పాలు నిలవడానికి మాత్రలు రాసి, ఒక్కసారిగా ఆపవద్దని, మెల్లగా తగ్గించాలని చెప్పిందట ఆమె. మాత్రలు అయిపోయినప్పుడల్లా చిన్నత్తే తెచ్చేది. అమ్మ వాటిని దేవుడి గూట్లో పోచమ్మ పటం వెనక దాచి, పొద్దున్నే పటానికి తాకించి, "తల్లీ, గివి గుడ నువ్వు పంపినయే గదా" అని మింగేది. నేను చూశాను. చిన్నత్తా చూసింది.

పాలు పడ్డాయి. తమ్ముడి బుగ్గలు నిండాయి. "పోచమ్మ కండ్లు తెరిసింది" అని నాయనమ్మ వాడంతా చెప్పుకుంది. పాలు లేని కోడళ్లు వచ్చి అమ్మ చేత కుంకుమ పెట్టించుకునేవాళ్లు. అమ్మ తల వంచుకునే పెట్టేది.

మొక్కు తీర్చే రోజు వాకిలి నిండా ఆడవాళ్లు. అమ్మ నెత్తిన బోనం. పక్కింటి గంగవ్వ, "ఎంత పుణ్యం జేసుకున్నవే రాజవ్వా, తల్లి నీ రొమ్ములనే కూసున్నది" అంది.

చిన్నత్త పకపకా నవ్వింది. "పోచమ్మ యాడిది పెద్దవ్వా! మా వదినె పాలు బోధన్ల మందుల దుకాణంల అమ్ముతరు. కొనుక్కొచ్చేది నేనేనాయె!"

కొందరు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు.

"తల్లి పేరు పెట్టుకొని మందులు మింగినవా? నా మొక్కు ఎంగిలి జేసినవు గదనే!" అంటూ అమ్మ నెత్తి మీది బోనం దించేసింది.

"మా అమ్మ దండం పెట్టే మింగుతది" అన్నాను.

"పెద్దోళ్ల నడుమ నీకేందే" అని ఎవరో నన్ను పక్కకు లాగారు.

నేను చిన్నత్త వైపు చూశాను. తానూ చూశానని ఒక్క మాట అంటే చాలు. ఆమె జడలో పూలు సర్దుకుంటోంది.

ఆ రోజే అమ్మ మాత్రలన్నీ పొయ్యిలో వేసింది. నాలుగు రోజులు తిరగకముందే పాలు ఇంకిపోయాయి. ఏడ్చే తమ్ముడికి మేకపాలు పట్టాం. దేవుడి దయ, బతికాడు. చిన్నత్త పెండ్లికి పసుపు కూడా అమ్మే దంచింది. కానీ తాను చచ్చిపోయేదాకా చిన్నత్త చేతి నుంచి మంచినీళ్లు కూడా తీసుకోలేదు.

ఇప్పుడు చెరుకు బండ్లు లేవు, మడ్డి వాసన లేదు, ఆ గూడూ లేదు. మా కోడలి పాల మాత్రలు పోచమ్మ పటం ముందు, అందరికీ కనబడేలా ఉన్నాయి. నేనే పెట్టాను.

నాకు అక్షరాలు నేర్పినందుకు చిన్నత్తకు దండం. ఈ నాలుగు ముక్కలూ ఆమె దిద్దించిన అక్షరాలతోనే రాశాను. ఆమె కోసం ఏడ్చేవాళ్లు ఉన్నారు. మీరు దీపం పెట్టేటప్పుడు మాత్రం మా అమ్మ రాజవ్వను ఒక్కసారి తలుచుకోండి. ఆమె పోచమ్మ తల్లిని మోసం చేయలేదు.