కుంకుమ లేని చీర

గుండ్లపోచంపల్లి కొత్త కాలనీ గుడిలో ఊడ్చే సాలమ్మకు ఒక అలవాటు. ముత్తైదువులు పూజ పళ్లేలతో వస్తుంటే, ఎవరూ చెప్పకుండానే చీపురు చంకన పెట్టుకుని గోడ చాటుకు తప్పుకుంటుంది. మొగుడు పోయిన నాటి నుంచీ అంతే. కేరళలో కొండచరియలు విరిగి ఊళ్ల మీద పడ్డాయని భక్తబృందం చీరలు పోగుచేసిన రోజూ అలాగే తప్పుకోబోయింది. "చీరలు ముట్టుకోకు సాలమ్మా, సంచులు లారీ దాకా మోస్తే చాలు," అంది బృందం పెద్ద కామేశ్వరి. ఆడవాళ్లు ప్రతి చీర మడతలో పసుపు, కుంకుమ, గాజులు పెట్టి సంచుల్లో సర్దుతున్నారు. చూసి చూసి సాలమ్మ ఉండబట్టలేకపోయింది.

"అమ్మా, గాడ మొగడు మట్టిల గలిసినామె గీ కుంకుమ ఏం జేసుకుంటది?"

"అవేం అపశకునపు మాటలు! ఆడవాళ్లకి చీర పెడుతూ పసుపు కుంకుమ లేకుండా ఎలా పెడతాం?" అని కసిరింది కామేశ్వరి.

సాలమ్మ మధ్యాహ్నం ఇంటికి పోయి, బోనాలకు కూతురు కొనిచ్చిన నీలం చీర మడత విప్పకుండా తెచ్చి, ఎవరూ చూడకుండా ఆఖరి సంచిలో పెట్టింది. 'నాసొంటిది ఒక్కతన్నా ఉండదా' అనుకుంది.

మర్నాడు సంచులు సరిచూసిన కామేశ్వరి అదే చీర ఆమె చేతిలో పెట్టింది. "ఎవరో మతిలేనివాళ్లు కుంకుమ లేకుండా పెట్టారు. పంపితే అరిష్టం. నీకైతే పర్లేదుగా, కట్టుకో."

సాలమ్మ తన చీరను రెండు చేతులా అందుకుంది. ఎవరేమిచ్చినా దీవించడం కూడా ఆమెకు అలవాటే.

"నీ పెనిమిటి సల్లగుండాలె బిడ్డా," అంది.

కామేశ్వరి చెయ్యి గబుక్కున మంగళసూత్రాల మీదికి పోయింది.