రాజు నల్ల వైరు

రాజు పోయాడు.

నిన్న పొద్దున్న వాళ్లబ్బాయి ఫోన్ చేసి ఈ మాట చెబితే "ఏ రాజు?" అని అడిగాను. నాకున్నది ఒక్కడే రాజు. తెలిసి కూడా అడిగాను.



నిన్నటి నుంచి మన క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులో అందరూ పోస్టులు పెడుతున్నారు. మంచివాడు, సరదా మనిషి, ఆదివారం అంటే రాజు ఇల్లే అని. అన్నీ నిజమే. చదువుతుంటే నాకు ఏడుపుతో పాటు కుళ్లు కూడా వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఉన్న కుళ్లు, ఒక్క రోజులో ఎక్కడికి పోతుంది.

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. అప్పలరాజు, నేను డెబ్బైల్లో పోర్టు వర్క్‌షాపులో ఒకేసారి చేరాం. వాడు ఇక్కడివాడే. మాది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. క్వార్టర్స్‌లో పక్క పక్క ఇళ్లు. వరస ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు.

ఎనభైల మొదట్లో మా లైన్‌లో మొట్టమొదట స్టీరియో కొన్నది నేను. ఈ సంగతి అందరూ మర్చిపోయారు, అందుకే రాస్తున్నాను. జపాన్ సెట్టు. క్యాసెట్ ప్లేయర్, రెండు స్పీకర్లు. కొన్నాళ్లకి రాజు కూడా అచ్చం అదే సెట్టు కొన్నాడు.

అక్కడితో ఆగితే వాడు రాజు ఎందుకవుతాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్లో వాడికో కేబుల్ ముక్క దొరికింది. ఓడల మీద వాడే నల్ల రబ్బరు కేబుల్, బొటనవేలంత లావు. సెట్టుతో వచ్చిన సన్న కరెంటు వైరు తీసేసి దాన్ని తగిలించాడు.

"కరెంటు ఇరుగ్గా వస్తే పాట కూడా ఇరుగ్గానే వస్తది బావా. ఇప్పుడు సూడు, ఎంత ఇశాలంగా ఉందో."

అందరూ నమ్మారు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి వాడి ముందు గది నిండిపోయేది, గుమ్మం బయట చెప్పులు కుప్ప. అదే సెట్టు మా ఇంట్లో గుడ్డ కప్పుకుని కూర్చునేది. మా సుశీల కూడా పకోడీల పళ్లెం పట్టుకుని అక్కడికే.

"రాజన్నయ్య ఇంట్లో పాట బాగుంటుందండీ" అనేది.

కట్టుకున్న మనిషి నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

నేనూ కేబుల్ కొన్నాను. వాడిదానికంటే లావుది. దాని బరువుకి ప్లగ్గు నిలవక ఊడి కింద పడేది. కింద ఇటుకలు పేర్చి నిలబెట్టాను. సౌండ్ మారలేదు. జనమూ రాలేదు.

ఇక ఉండబట్టలేక పందెం వేశాను. నా సెట్టుకి సన్న వైరు ఒకసారి, రాజు వైరు ఒకసారి పెట్టాలి. వినేవాళ్లు గోడ వైపు తిరిగి కూర్చుని ఏది ఏదో చెప్పాలి. వైరు మార్చడానికి ఖాదర్ భాయ్‌ని పిలిచాం. పాత టౌన్‌లో రేడియో రిపేరు షాపు ఆయనది, ఎవరి వైపూ మాట్లాడడు.

ఆ ఆదివారం మా ఇల్లు మొదటిసారి నిండింది. పెద్దా చిన్నా అందరూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఒకే పాట రెండుసార్లు మోగింది.

రెండోసారి మోగుతుండగా రాజు చెయ్యెత్తాడు. "ఇదే నా వైరు. తలుపులు తీసేసినట్టు నేదా?"

అందరూ ఔనన్నారు. సుశీల కూడా.

ఖాదర్ భాయ్ గొంతు సవరించుకున్నాడు. "రెండుసార్లూ సన్న వైరే భాయ్. నేను మార్చనే లేదు."

నా పెళ్లినాడు కూడా నాకంత సంతోషం కలగలేదు. రాజు మొహం ఎలా మాడిపోయిందో చూద్దామని తిరిగాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, కళ్లంట నీళ్లు కారేలా. "బలే సేసినావు భాయ్" అని ఖాదర్ భాయ్‌ని వాటేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం అందరూ మళ్లీ వాడింటికే వెళ్లారు. ఖాదర్ భాయ్‌తో సహా. నల్ల వైరు అలాగే ఉంది.

పందెం గెలిచినవాణ్ని నేనూ వెళ్లాను. ఒక్కణ్ని ఇంట్లో ఏం చేస్తాను.

రాజు ఎప్పట్లాగే చాప మీద గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. పాట అయ్యాక అడిగాడు, "ఎత్తుకునే ముందు పాడే ఆవిడ సన్నగా ఊపిరి తీసుకుంది. ఇన్నావా బావా?"

మిగతావాళ్లంతా విన్నామన్నారు. నేను వినలేదు. నేను ఆ వైరునే చూస్తూ కూర్చున్నాను. ఎన్ని ఆదివారాలు వెళ్లినా అంతే.

పోయిన వారం గాజువాకలో వాళ్లింటికి చూడ్డానికి వెళ్లాను. బాగా చిక్కిపోయాడు. ఆ కేబుల్‌ని చుట్ట చుట్టి, సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు.

"పట్టుకెళ్లిపో బావా. నీ కుళ్లు సూడనేకపోతన్నాను."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ పొద్దున్న ఇంట్లో ఏమీ తోచక నా పాత సెట్టు మీద గుడ్డ తీశాను. వాడికి ఇష్టమైన క్యాసెట్ పెట్టాను. వాడిలాగే కింద కూర్చుని, గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను.

పాట ఎత్తుకునే ముందు, చిన్న ఊపిరి.

విన్నాను రాజూ.

కళ్లు తెరిచేసరికి సుశీల వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"రాజన్నయ్య వైరు పెట్టారా? అచ్చం వాళ్లింట్లో విన్నట్టే ఉంది."

వైరు సంచిలోనే ఉంది. సంచి మేకుకి వేలాడుతోంది.

ఇన్నేళ్లకి నా సెట్టుకి ఒక్క మంచి మాట వచ్చింది. అదీ నీకే పోయింది.

"అవును, పెట్టాను" అన్నాను.

వెళ్లిరా రాజూ. ఈపాటికి అక్కడ కూడా నీ చుట్టూ జనం చేరిపోయి ఉంటారు. నీ ప్రాణం హాయిగా ఉండాలి. నీ చాప మీద నాకు కాస్త చోటుంచు.