బల్ల మీద జొన్నరొట్టె

జీడిమెట్లలో ఐరన్ మాత్రలు తయారుచేసే కంపెనీలో నేను ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. పొద్దస్తమానం మాత్రలు నా కళ్ల ముందు గుట్టలుగా కదిలిపోతుంటాయి. అయినా నా ఒంట్లోనే రక్తం లేదని తేలింది. డాక్టరు ఐరన్ మాత్రలే రాశాడు. మింగాను. మళ్లీ పరీక్ష చేయిస్తే పెరగలేదు సరికదా, ఇంకాస్త తగ్గింది. మా సరుకు మీద నాకే అనుమానం వచ్చి వేరే కంపెనీవి కొనుక్కున్నాను. ఈ సంగతి ఇప్పటికీ ఆఫీసులో చెప్పలేదు.

తర్వాత నా వైద్యం నేనే మొదలుపెట్టాను. బలానికి గోధుమలు మంచివని ఎవరో అనగానే రాత్రి అన్నం మానేసి చపాతీలు పట్టాను. కడుపుబ్బరం, తిన్న వెంటనే బాత్రూముకు పరుగు, నోట్లో పుళ్లు. ఇదంతా నీరసం వల్లేనని పొద్దున కూడా చపాతీలే తిన్నాను. బెల్టుకు కొత్త బెజ్జాలు పడుతుంటే తోటివాళ్లు సన్నబడ్డావని మెచ్చుకున్నారు. నేను కనబడ్డవాళ్లకల్లా చపాతీ మహిమ బోధించాను. మెట్లెక్కేటప్పుడు మాత్రం బోధించేవాణ్ణి కాదు, ఆయాసం వచ్చేది.

చివరికి నా భార్య నన్ను కొంపల్లిలో పేగుల డాక్టరమ్మ దగ్గరకు లాక్కుపోయింది. ఆమె రక్తపరీక్ష చేయించి, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపింది. జబ్బు పేరు సీలియాక్ అంది. గోధుమల్లోని గ్లూటెన్ లోపలికి పోగానే నా ఒళ్లు నా పేగు మీదే దాడి చేస్తోందట. తిన్నదాన్ని పీల్చుకోవడానికి పేగు లోపల తువ్వాలుకుండే నూగులాంటిది ఉంటుందట. నాది అరిగి నున్నగా అయిపోయింది. అందుకే ఐరన్ ఎంత మింగినా ఒంటికి పట్టలేదు. ఇక వైద్యమంటారా, గోధుమపిండి, మైదా, రవ్వ జన్మలో ముట్టకూడదు. పేగు కోలుకునేదాకా ఐరన్, విటమిన్లు ఆమె చెప్పినట్టు వాడాలి. గోధుమలు పట్టిన గిర్నీలో పట్టించిన జొన్నపిండి కూడా వద్దంది.

అక్కడ నాకు మా చర్చి గుర్తొచ్చింది. శామీర్‌పేటలో నెలకోసారి ప్రభువు బల్ల జరుగుతుంది, యేసు కడపటి విందును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. అందరికీ పంచే రొట్టెను గోధుమపిండితో మా అమ్మే కాలుస్తుంది. అమ్మ అక్కడే మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. గోరంత ముక్క తింటే ఏమవుతుందని డాక్టరమ్మతో బేరమాడాను. నెలకోసారి రొట్టె తిన్నవాడికి నెలకో పుట్టినరోజు కేకు కూడా ఎదురొస్తుందంది. నా సంగతి ఆమెకు అప్పుడే అర్థమైపోయింది.

ఆ నెల బల్ల జరిగే ఆదివారం రొట్టె పళ్లెం నా ముందుకొస్తే ముక్క తీసుకోకుండా పక్కకు అందించాను. మా సంఘంలో బల్లలో చేయి వేయనివాడంటే ఏదో పాపం దాచుకున్నవాడని అర్థం. పీక్కుపోయిన మొహం, గుంటలు పడ్డ కళ్లు, సాక్ష్యాలు కూడా నేనే మోసుకెళ్లాను. ఆ వారమే సంఘపెద్ద మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చి, మందు మానేయడం పెద్ద కష్టమేమీ కాదని ధైర్యం చెప్పి, చాలాసేపు ప్రార్థన చేశాడు. నా పేగుల కథ చెప్పడానికి సిగ్గేసింది. విరేచనాలకంటే తాగుడే గౌరవంగా అనిపించి ఆమెన్ అన్నాను.

నా అసలు భయం అమ్మ గురించి. తన రొట్టే నాకు పడదని ఆమెతో ఎలా అనడం? అలిగి కూర్చుందని తమ్ముడు ఫోన్ చేస్తే వెళ్లక తప్పలేదు.

"నా చేతి రొట్టె పక్కకు జరిపినవ్. ఏం జేసినవ్ బిడ్డా? చెప్పు, నేనేమన" అంది.

అంతా చెప్పాను. అమ్మ మొహం చిన్నబోయింది.

"గిన్నేండ్ల నుంచి నేనే తినవెట్టిన్నా?"

నీది నెలకో ముక్కేనమ్మా, మిగతాదంతా రెండు పూటలా నేనే దగ్గరుండి తిన్నానని చెప్పాను. ఆమె నవ్వలేదు. జొన్నలు తినొచ్చా అని మాత్రం అడిగింది. తినొచ్చు గాని గిర్నీ పిండి వద్దన్నారని చెప్పాను.

మళ్లీ బల్ల రోజు వచ్చింది. పళ్లెం పక్కకు అందించబోయి ఆగిపోయాను. జొన్నరొట్టె ముక్కలు. నాకొక్కడికే కాదు, పళ్లెం నిండా అవే. అమ్మ పాస్టరుగారికి మాత్రం ముందే చెప్పిందట. ఆయన కూడా వాక్యం మధ్యలో ఆగి గుటక వేశారు. మిగతా సంఘమంతా ఆ పొడి రొట్టె గొంతు దిగక దగ్గుతూ ద్రాక్షరసం వైపు ఆశగా చూసింది.

నాకొక్కడికి వేరే గిన్నెలో పెడితే సరిపోయేది కదా అని బయటికొచ్చాక అమ్మను అడిగాను.

"నీకో గిన్నె, మందికో గిన్నె వెడితే అది బల్లెట్లయితది? అందరిది ఒక్కటే రొట్టె ఉండాలె."

అప్పుడు చూశాను, ఆమె అరచేతుల నిండా బొబ్బలు. గిర్నీకి పోకుండా, అవ్వ కాలం నాటి విసుర్రాయి బయటికి తీసి, సంఘం మొత్తానికి సరిపడా జొన్నలు విసిరింది.

ఆ చేతులు పట్టుకుని చర్చి వాకిట్లో నిలబడి ఏడ్చాను. సంఘపెద్ద దూరం నుంచి చూసి, నేను మందు మానేశానని దేవునికి స్తోత్రం చెప్పాడు.