హీటర్‌లో చిక్కిన గాలి

2007 జనవరి. గుర్గావ్ పక్కనున్న ద్వారకలో మార్కెట్ వెనక సందులో నా వర్క్‌షాప్. సైన్యంలో బండ్లు బాగుచేసి, రిటైరయ్యాక పెట్టుకున్నాను. ఆ నెల పొగమంచుకు పొద్దెక్కినా ఎదురుగా వచ్చే బండి కనబడేది కాదు. అలాంటి ఒకరోజు ప్రభాకర్ గారు వచ్చారు. రాజమండ్రి మనిషి, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటి వేసవిలో బదిలీ అయి వస్తూ కారు కూడా తెచ్చుకున్నారు. హీటర్ పెడితే చల్లగాలి వస్తోందని ఆయన ఫిర్యాదు.

బ్రేకులూ క్లచ్చులూ వరసలో ఉండగా మధ్యలో ఈ హీటర్ గోల ఏమిటని విసుగొచ్చింది. రేపు చూద్దామన్నాను. ఆయన కదల్లేదు. భార్యకు ఆసుపత్రిలో డయాలసిస్ జరుగుతోందట. అది అయిన ప్రతిసారీ ఆమెకు వణుకు పుడుతుందట.

"ఇంటికెళ్లేదాకా మాట కూడా రాదండీ. పళ్లు కొట్టుకుంటూనే ఉంటాయి," అన్నారు. "సాయంత్రం తీసుకురావాలి. అప్పటికి అవుద్దా?"

ఇంకో మెకానిక్, హీటర్ కోర్ పూడుకుపోయింది, డాష్‌బోర్డు మొత్తం విప్పాలి అన్నాడట. హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్; ఇంజన్ వేడినీళ్లు అందులో పారితేనే వేడిగాలి వస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి పెట్టాను. లోపల నీళ్లు గళగళమన్నాయి. అది గాలి చేసే చప్పుడు. అడిగితే, ఊరి నుంచి బయల్దేరే ముందు కూలెంట్, అదే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, మార్పించానన్నారు. మా గోదావరి జిల్లాల్లో హీటర్ నాబ్ జోలికి ఎవరూ పోరు. అది మూసి ఉండగానే నింపేసి ఉంటారు. గాలి లోపలే చిక్కుకుపోయింది. చలి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

ముందు ఇంజన్ చల్లారనిచ్చాను. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది. కారు ముక్కు పైకి ఉండేలా వాలులో నిలిపి, రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజన్ నడవనిచ్చాను. కూలెంట్ కొద్దికొద్దిగా పోస్తూ, పై గొట్టాన్ని పిండుతూ ఉంటే బుడగలు రావడం మొదలైంది. థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి వదిలే తలుపు, తెరుచుకునేదాకా తొందరపడి లాభం లేదు. ఆయన వాచీ చూసుకుంటూ, ఇక మూసేయొచ్చు కదా అని ఒకటే గొడవ. కసురుకున్నాను. బుడగలు ఆగిపోయాక మూత బిగించాను. హీటర్ ముందు చెయ్యి పెట్టి, వేడిగాలి తగలగానే ఆయన ఆసుపత్రికి వెళ్లిపోయారు.

మళ్లీ మే నెలలో, కూలెంట్ కారుతోందని వచ్చారు. భార్య మార్చిలో పోయారని చెప్పారు. చిల్లు పడిన గొట్టం మార్చి, కూలెంట్ నింపుతూ ఎప్పటిలాగే హీటర్ ఫుల్‌లో పెట్టాను. ఆ ఎండలో అలాంటి కారులో ఎవరూ కూర్చోలేరు. ఆయన వెళ్లి డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నారు.

"ఆవేళ దారిలోనే నిద్దరోయిందండీ," అన్నారు. "ఇల్లొచ్చినా లేపబుద్ధి కాలేదు. ద్వారక సెక్టార్లన్నీ తిప్పుతానే ఉన్నాను."

చెమటలు కారిపోతున్నాయి ఆయనకు. గాలంతా పోయింది, ఆపేయొచ్చన్నాను.

"ఇంకాసేపు ఉండనివ్వండి."

ఉండనిచ్చాను. హీటర్ పనిచేయడం లేదని ఎవరు వచ్చినా అప్పటి నుంచి రేపు రమ్మనలేదు.