నేను అప్పగించిన తోపడా

గుడివాడలో మా ఇంటి వసారాలోకి పాత పనిముట్లు మోసుకొచ్చేవాళ్ళకు లోటు లేదు. ఐటీఐలో వడ్రంగం నేర్పి రిటైరైనవాణ్ణి కదా, బాడిస చూస్తే ఏ పనికి వాడారో, ఉలి చూస్తే ఎన్నేళ్ళు సాన పట్టారో చెప్పగలనని పేరు. చెప్పించుకున్నాక అందరూ అడిగేది ఒకటే. "కొత్తదానిలా మెరిపించండి మాస్టారూ." ఒళ్ళు మండుతుంది. తుప్పు తినేస్తుంటే ఆపాలి, అంతవరకే. మిగతాది ముట్టుకోకూడదు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఇదే నూరిపోశాను.

మొన్న వేసవిలో, ఫర్నిచర్ షాపు నడిపే ఒకాయన గోనెసంచితో వచ్చాడు. వాళ్ళ తాతగారి పనిముట్లట, షోరూంలో అద్దాల బీరువాలో పెడతాడట. తాతగారి పేరు చెప్పగానే ఎవరో తెలిసిపోయింది. మా నాన్న ఆ మేస్త్రీ కిందే పనిచేశాడు. సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతున్నాడు. నాలుగోది తోపడా, చెక్కను నున్నగా చిత్రిక పట్టేది. నల్లతుమ్మ మొద్దు, వీపంతా ఎర్ర పెయింటు. అదెవరిదో పరీక్షించి చెప్పక్కర్లేదు. దాన్ని మేస్త్రీ చేతికి ఇచ్చింది నేనే.

అప్పుడు మేము దివిసీమలో ఉండేవాళ్ళం. బందరులో ఒక పెద్ద ఇంటికి తలుపుల పని జరుగుతుంటే మేస్త్రీగారి తోపడా పోయింది. ఆయన తన పనిముట్లన్నిటికీ ఎర్ర రంగు పూసుకునేవాడు, పనివాళ్ళ వాటితో కలిసిపోకుండా. నాన్న చేతిలో ఉన్నదాన్ని చూసి, ఇది నాదే, రంగు గీకేశావన్నాడు. "ఇది నాదండీ, నేనే చేసుకున్నాను" అన్నాడు నాన్న. ఒక్కసారే అన్నాడు. మర్నాటి నుంచి ఆయన్ని పనికి పిలిచినవాడు లేడు. చర్చిలో మా పక్కవాళ్ళు కాస్త ఎడంగా జరిగి కూర్చోవడం మొదలెట్టారు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఒక ఆదివారం పాస్టరుగారు పాపపు ఒప్పుకోలు మీద ప్రసంగం చేస్తే, అది నాకోసమే అనుకున్నాను. సోమవారం పొద్దున నాన్న కోత కూలికి వెళ్ళాక, తోపడాను తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కి బందరు వెళ్ళాను. పనివాళ్ళందరి ముందూ మేస్త్రీకి అప్పగించి, "మా నాన్నని క్షమించండి" అన్నాను. ఎంత నీతిమంతుణ్ణో! మేస్త్రీ నా భుజం తట్టి, నాన్నని పనిలోకి రమ్మని కబురు పెట్టాడు. నాన్న వెళ్ళాడు. అరువు తోపడాతో పనిచేశాడు. నాదేదిరా అని బతికినన్నాళ్ళూ నన్ను అడగలేదు.

ఆయన పోయాక అమ్మ చెప్పింది. ఆ తోపడా చేసేటప్పుడు ఉలి జారి, బ్లేడు దూరే గాడిలో ఒక పెచ్చు లేచిపోయిందట. చింతపిక్కంత ముక్క చెక్కి అక్కడ అతికాడట. "ఎవరికీ చెప్పొద్దన్నార్రా మీ నాన్న. చెయ్యి జారిందంటే పనివాడికి పరువేం ఉంటుందన్నారు" అంది. మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అనుకున్నాను.

ఇప్పుడది నా బల్ల మీదికి వచ్చింది. షాపాయన పనిముట్లన్నీ వారం రోజులకని నా దగ్గర వదిలి వెళ్ళాడు. నేను ఇచ్చాక మేస్త్రీ పూసిన రంగు గాడి లోపలికి కూడా కారి, ఏళ్ళ తరబడి మడ్డితో కలిసి గడ్డకట్టింది. నా పాఠం ప్రకారం దాన్ని ముట్టుకోకూడదు. గీకితే అమ్మ మాటైనా అబద్ధమవ్వాలి, నేనైనా ద్రోహినవ్వాలి. మూడు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు బ్లేడు బిగించే చీల ఊడదీసి, టర్పెంటైన్ గుడ్డతో లోపల తుడవడం మొదలెట్టాను. మడ్డి పోయాక నూనె రాశాను. ఎడమ గోడకి అతుకు తేలింది. చెక్క గీతకి గీత ఎలా కలిపాడో, నూనె తడి లేకపోతే నాకు కూడా కనపడేది కాదు. ఏడ్చాను. ఆయన మీద కోపమూ వచ్చింది. దొంగ అనిపించుకుంటావు గాని, ఉలి జారిందని నోరు విప్పవా? నాకైనా చెప్పకూడదా?

చెప్పాల్సింది. కానీ నేను అడిగానా?

షాపాయన వచ్చాక ఏదీ దాచకుండా చెప్పేశాను. అతుకు చూపించాను. పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడినా బాగుండేది. తలూపుతూ అంతా విని, తోపడాను నా వైపు జరిపాడు.

"మీరే ఉంచుకోండి మాస్టారూ. మా తాతగారికీ డౌటుగానే ఉండేదండీ. ఇది నా చేతిలో ఇమడట్లేదురా, నాది కాదేమో అనేవారు. మళ్ళీ ఆయనే సర్దుకునేవారు. కన్నకొడుకే తెచ్చి ఇచ్చాడు కదా, ఇంకా అనుమానమేంటి అని."

అతను మామూలుగానే అన్నాడు. మిగతా పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు. మేస్త్రీకి అనుమానమైనా ఉండేది. నాకు అది కూడా లేకపోయింది.