జీపు మడ్‌గార్డుకి గుగ్గిలం

ఆ రోజుల్లో నేను ఏలూరులో ఒక ఆఫీసరుగారి జీపు తోలేవాణ్ణి. యుద్ధం అయ్యాక అమ్మేసిన పాత మిలిటరీ బండి. కొల్లేరు గట్ల మీద అది తప్ప ఇంకోటి నడవదు. ఒకసారి కొల్లేటికోట వైపు వెళ్తూ, గట్టు దిగేటప్పుడు తాటి మొద్దుకి కొట్టేశాను. ముందు చక్రం మీది మడ్‌గార్డు జానెడు మేర చీలింది. ఆఫీసరుగారు మంచివారే గాని, బండికి గీత పడితే మాత్రం ఊరుకోరు. నాకు ముందున్న డ్రైవర్ని అందుకే పంపేశారు. ఇద్దరు పిల్లల తండ్రిని, నాకు భయం ఉండదూ?

అక్కడే ఒడ్డున పడవలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. "దీనికింత కంగారెందుకు బాబూ, పడవ చీలితే మేం ఏం చేస్తాం?" అంటూ కింద వైపు నుంచి చీలికలో నార కుక్కి, నూనెతో కాచిన గుగ్గిలం దట్టించాడు. పైన నేను రంగు కొట్టాను. రెండ్రోజుల్లో కిందంతా బురద పట్టేసింది. ఎవరికీ తెలియదు కదా అని తెగ మురిసిపోయాను, తెలివితక్కువ వెధవని!

మూడు నెలలకి రంగు లేచిపోయి, చీలిక ఆఫీసరుగారి కంటపడింది. "గతుకులకండీ, ఇప్పుడిప్పుడే," అన్నాను. ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెల్డింగు షెడ్డుకి వచ్చారు.

షెడ్డు నడిపేది ఒక సాయిబుగారు, గ్యాసు వెల్డింగులో చెయ్యి తిరిగిన మనిషి. మంట వెలిగించే ముందు నన్నే అడిగారు. "ఏవండీ, దీనికి ఇంతకుముందు ఏమైనా పూశారా?"

ఆఫీసరుగారు నా పక్కనే ఉన్నారు. "లేదండీ," అన్నాను. మహా అయితే కాస్త పొగ వస్తుందిలే అనుకున్నాను.

భగ్గుమంది! బాబోయ్, అంత మంట నేనెప్పుడూ చూడలేదు. గుగ్గిలం కరిగి, మండుతూ, కింద నుంచి రేకుని పట్టుకున్న సాయిబుగారి ఎడం అరచేతిలో పడింది. విదిలించినా రాలదే! తడి గోనె తెచ్చి కప్పింది ఆఫీసరుగారు. నేను కొయ్యబారిపోయి నిలబడ్డాను.

"ఎలా జరిగింది?" అని ఆయన అడిగితే, సాయిబుగారు పళ్లు బిగబట్టి, "నా పొరపాటేనండీ, బురద సరిగా గోకలేదు," అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అనుకున్న మాట నిజం.

రెండు నెలలు అన్నం సహించలేదు. చివరికి ఒక్కణ్ణే షెడ్డుకి వెళ్లి సాయిబుగారికి జరిగిందంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"భగ్గుమన్నప్పుడే, వాసనకే తెలిసిందండీ. ఆ మాట ఆయన ముందు పైకి అంటే మీ ఉద్యోగం పోయేది."

తెలిసే కాపాడారా! కాళ్ల మీద పడబోయాను. ఆయన వెనక్కి జరిగారు.

"మీ ఆఫీసరుగారికి భయపడ్డారు, సరే. పక్కకి పిలిచి నా చెవిలో ఒక్క మాట చెప్పలేకపోయారా?" అంటూ ఎడం చెయ్యి చాపారు. బొటనవేలు తప్ప తక్కిన వేళ్లన్నీ ముడుచుకుపోయి అరచేతికి అతుక్కుపోయి ఉన్నాయి.